గూడబాతుకు జ్వరమొస్తే...

కొల్లేటి పక్షికీ, పామర్రు పెరట్లో తిరిగే కోడికీ, ఆ కోడిని కోసి వండుకునే మనిషికీ మధ్య దూరం ఎంత? బస్సులో అయితే గంటన్నర. జబ్బుకైతే అంతసేపు కూడా అక్కర్లేదు.

పామర్రు సెంటర్లో బస్సు దిగేవాళ్లలో పామర్రు కోసమే వచ్చేవాళ్లు తక్కువ. చాలామందికి అది బస్సు మారే ఊరు. పడమటికి వెళ్తే బెజవాడ, తూర్పుకి వెళ్తే బందరు. ఉత్తరాన గుడివాడ, ముదినేపల్లి దాటితే కైకలూరు. దక్షిణాన కూచిపూడి మీదుగా చల్లపల్లి, అవనిగడ్డ, ఆపైన దివిసీమ. నాట్యం మీద మనసున్నవాళ్లు కూచిపూడి దారి పడతారు. అన్నగారి అభిమానులు ఇదే మండలంలో ఉన్న నిమ్మకూరుకి వెళ్తారు. పెళ్లిళ్ల సీజన్లో అయితే నాలుగు రోడ్లూ కిటకిటే.

ఈ కూడలికి ఇంకో విశేషం కూడా ఉంది. ఇక్కణ్నుంచి ఒక రోడ్డు కొల్లేటి పక్షుల దగ్గరికి తీసుకెళ్తే, మరో రోడ్డు సముద్రపు ఒడ్డున మడ అడవిలోని బావురుపిల్లి దగ్గరికి తీసుకెళ్తుంది. రెండు చివర్లలోనూ అడవి జీవాలు. మధ్యలో వరిచేలు, చేపల చెరువులు, కోళ్లఫారాలు, బర్రెలు, ఊరకుక్కలు, లక్షలాది మనుషులు. అన్నీ ఒకే కాలువ నీళ్ల మీద బతుకుతాయి. ఒకరి జబ్బు ఒకరికి అంటుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు వెతికినా దొరకదు!

చేలో దిగిన బాతులు

డెల్టాలో సార్వా కోతలయ్యాక చేలన్నీ ఖాళీగా ఉండవు. చాలామంది రైతులు కోతకు కొద్దిరోజుల ముందే పదును మీద మినుము చల్లేస్తారు. వరి కోసేసరికి కింద పచ్చగా మొలక కనిపిస్తుంది. మినుము చల్లని చేలల్లో మాత్రం కొత్త అతిథులు దిగుతారు. అవే బాతుల మందలు.

వందల బాతులు, వాటి వెనక పొడుగాటి కర్ర పట్టుకున్న ఒకరిద్దరు మనుషులు. బాతుల వాళ్లకి స్థిరమైన ఊరంటూ ఉండదు. కోతలు ఎక్కడైతే వాళ్లూ అక్కడే. రాలిన గింజలు, నత్తలు, పురుగులు బాతులకు మేత. పెంట చేలోనే పడుతుంది కాబట్టి రైతుకీ అభ్యంతరం ఉండదు. రాత్రికి గట్టు పక్కనే వల చుట్టి మందను ఆపుతారు. తెల్లారేసరికి గుడ్లు ఏరుకుని, మళ్లీ ఇంకో చేలోకి. దాణా ఖర్చు లేని కోళ్లఫారం అన్నమాట, కాళ్లున్న ఫారం!

అయితే ఆ చేలోకే తెల్లకొంగలూ దిగుతాయి. శీతకాలంలో మధ్య ఆసియా, సైబీరియాల నుంచి వచ్చే సూదితోక బాతులూ, ఇతర అడవి బాతులూ చీకటి పడ్డాక మేతకు వాలతాయి. అవి వదిలిన రెట్ట నీళ్లలో కలుస్తుంది. పొద్దున్నే మందబాతు అదే నీటిలో ముక్కు పెడుతుంది. ఆ బాతు మధ్యాహ్నానికి ఊరి పక్క మురుగుకాలువలో ఉంటుంది. అక్కడే పెరటికోళ్లూ నీళ్లు తాగుతాయి.

బర్డ్ ఫ్లూ చరిత్రలో బాతుది చిత్రమైన పాత్ర. కోడికి ఆ వైరస్ సోకితే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. బాతుకు చాలాసార్లు ఏమీ కాదు. హాయిగా ఈదుతూనే ఉంటుంది, వైరస్‌ను విడుస్తూనే ఉంటుంది. 2004లో థాయ్‌లాండ్‌ను బర్డ్ ఫ్లూ కుదిపేసినప్పుడు శాస్త్రవేత్తలు మ్యాపులు ముందేసుకుని చూస్తే జబ్బు మళ్లీ మళ్లీ తలెత్తిన ప్రాంతాలూ, వరిచేలల్లో తిరిగే మందబాతుల ప్రాంతాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా సరిపోయాయి. అక్కడి ప్రభుత్వం బాతుల్ని ఊరూరా తిప్పడం మీద ఆంక్షలు పెట్టింది. వరి, నీళ్లు, బాతు ఉన్నచోటల్లా ఆ మ్యాపు పనికొస్తుంది. కృష్ణా డెల్టాలో ఆ మూడింటిలో దేనికి కొరత?

ఆటపాకలో ఎవరి ఇల్లు?

కైకలూరు నుంచి కూతవేటు దూరం ఆటపాక. పక్షుల కేంద్రం గట్టెక్కగానే ముందు వాసన పలకరిస్తుంది, తర్వాత గోల. నీళ్ల మధ్య నిలబెట్టిన ఇనుప మంచెల మీద, చెట్ల మీద అంగుళం ఖాళీ లేకుండా పక్షులు. బుగ్గసంచీ వేలాడేసుకుని, ఊళ్లో పెద్దమనిషిలా కూర్చున్నవి గూడబాతులు. ఇంగ్లిషువాళ్లు పెలికాన్ అనేది వీటినే. పేరులో బాతున్నా ఇది బాతు కాదు. పక్కనే గులాబీ రంగు ఈకలతో కనిపించేవి ఎర్రకాళ్ల కొంగలు.

వీటిని ‘సైబీరియా అతిథులు’ అని రాయడం పత్రికలకు అలవాటైపోయింది. పాపం, గూడబాతు సైబీరియా ముఖం కూడా చూడలేదు. మచ్చలముక్కు గూడబాతు అచ్చంగా మన దక్షిణాసియా పక్షి. గుడ్లు పెట్టేదీ ఇక్కడే, పిల్లల్ని పెంచేదీ ఇక్కడే. కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రవేత్త 1946లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు దగ్గర గూడబాతుల పెద్ద కాలనీని కనిపెట్టి లోకానికి చెప్పారు. ఆ తర్వాత దశాబ్దాల్లో ఈ ప్రాంతంలో వాటి గూళ్లు కనుమరుగయ్యాయి. మళ్లీ వచ్చి ఆటపాకలో స్థిరపడ్డాయి. సొంతూరికి తిరిగొచ్చిన వాళ్లను అతిథులంటే ఎలా?

కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ప్రభుత్వం అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టింది. ఆ కథలో ఎవరి కష్టం ఎంత అనేది కొల్లేటి ఊళ్లలో ఇప్పటికీ తేలని పంచాయితీ. అభయారణ్యం బయట మాత్రం కైకలూరు, మండవల్లి, గుడివాడ దాకా రోడ్డుకి రెండు వైపులా చెరువులే. బొచ్చె, శీలావతి ఇక్కడి నుంచి లారీలెక్కి దేశమంతా వెళ్తాయి.

ఆ చెరువుల్లో ఏం వేస్తారన్నది ఈ కథలో ముఖ్యమైన సంగతి. నీళ్లలో నాచు పెరగాలంటే ఎరువు కావాలి. అందుకు ఫారాల నుంచి కోళ్ల ఎరువు తెచ్చి చెరువులో చల్లడం పాత పద్ధతి. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, చికెన్ దుకాణాల వ్యర్థాలనే చేపలకు మేపుతారు. అది నిషేధం. అయినా కోడి వ్యర్థాల వాహనం పట్టుబడిందన్న వార్త జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. ఇప్పుడు చూడండి... ఫారంలో కోడికి జబ్బు చేసింది. యజమానికి ఇంకా తెలియదు. దాని పెంట చెరువుకి చేరింది. ఆ చెరువులో గూడబాతు చేపకోసం మునిగింది. సాయంత్రానికి ఆటపాకలో తన పిల్ల నోట్లో ఆ చేపను పెట్టింది. పక్క గూడు మూరెడు దూరంలో ఉంది.

గూడబాతు ఒంటరిగా బతకదు. వందల గూళ్లు ఒకేచోట. అదే దాని బలం, అదే బలహీనత. 2022లో గ్రీసు దేశంలోని ప్రెస్పా సరస్సు దగ్గర దాల్మేషియన్ జాతి పెలికాన్లకు బర్డ్ ఫ్లూ సోకితే కొద్ది వారాల్లో 1,700కు పైగా చచ్చిపోయాయి. అదే ఏడాది చివర్లో పెరూ తీరం వెంట వేలాది పెలికాన్లు ఇసుకలో శవాలై తేలాయి. మన దగ్గర శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో 2021-22 శీతకాలంలో గూడబాతులు వరసగా రాలిపోయినప్పుడు పరీక్షల్లో బయటపడినవి నులిపురుగులు. చేపల చెరువుల్లోని చేపల నుంచే అవి పక్షులకు చేరి ఉంటాయని అటవీ అధికారులు భావించారు. పిల్లలు పుట్టిన ఇంటికి మేనమామ సారె తెచ్చినట్టు, ఏటా తమ ఊరికి శుభం తెస్తాయని నమ్మే పక్షులవి. ఆ ఊరివాళ్లకి ఆ రోజులు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఎవరు ఎవరికి అంటించారు?

బర్డ్ ఫ్లూ వార్త రాగానే వేలు మొదట వలస పక్షుల మీదకే వెళ్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. అడవి పక్షులు వైరస్‌ను మోసుకెళ్తాయి. కానీ కథ మొదలైంది అక్కడ కాదు. ఇప్పుడు ప్రపంచాన్ని వణికిస్తున్న హెచ్5ఎన్1 రకం మొదట బయటపడింది 1996లో, చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో... పెంపుడు బాతుజాతి పక్షిలో. మర్నాడు సంవత్సరం హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురు చనిపోయారు. ఆ తర్వాత ఫారాల నుంచి అది అడవి పక్షులకు పాకింది. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు దగ్గర వేలాది పక్షులు చనిపోయినప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. వాటిలో ఎక్కువ చారలతల బాతులు. హిమాలయాల మీదుగా ఎగిరి మన చెరువులకు వచ్చేవి అవే. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ కోళ్లఫారాల్లో మన దేశపు తొలి కేసులు బయటపడ్డాయి.

అంటే కోడి పక్షికి ఇచ్చింది, పక్షి తిరిగి కోడికి ఇచ్చింది. ఇచ్చిపుచ్చుకోవడాలు అలా నడుస్తూనే ఉన్నాయి.

మన రాష్ట్రంలో 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ తేలింది. ఏడాది తిరగ్గానే, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల వంతు. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో వేలకు వేలు కోళ్లు చచ్చిపోతుంటే నమూనాలు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు వెళ్లాయి. హెచ్5ఎన్1 అని జవాబొచ్చింది. తర్వాత ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెంలోనూ అదే. ఫారం చుట్టూ కిలోమీటరు మేర కోళ్లన్నిటినీ చంపి పూడ్చడం, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టడం. తెల్ల ప్లాస్టిక్ సూట్లు వేసుకున్న సిబ్బంది ఫొటోలు పత్రికల నిండా వచ్చాయి. చికెన్ దుకాణాలు వెలవెలబోయాయి. బాగా ఉడికించిన మాంసంలో వైరస్ బతకదని, 70 డిగ్రీల వేడికి చచ్చిపోతుందని ఎంత చెప్పినా జనం వినలేదు. చివరికి గుంటూరు లాంటి చోట్ల పరిశ్రమవాళ్లే ఉచిత చికెన్ మేళాలు పెడితే మాత్రం వరసల్లో నిలబడ్డారు. భయం కన్నా ఉచితం గొప్పది!

నవ్వుకోవడానికి వీల్లేని సంగతి ఆ తర్వాత జరిగింది. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. కారణం హెచ్5ఎన్1 అని పుణె ప్రయోగశాల తేల్చింది. పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్టు కుటుంబసభ్యులు చెప్పారు. మనుషులకు ఈ వైరస్ సోకడం చాలా అరుదు. సోకితే మాత్రం తప్పించుకోవడం కష్టం. దేశంలో అంతకుముందు ఈ వైరస్‌కు మనిషి చనిపోయింది 2021లో, హర్యానాకు చెందిన పిల్లవాడు.

దిష్టిబొమ్మ చొక్కా

అడవి జీవాన్ని కాపాడాలంటే పక్క ఊరి మనిషిని ముందు కాపాడాలని చెప్పిన చోటు ఒకటుంది. పామర్రుకు చాలా దూరం... ఆఫ్రికాలోని ఉగాండా. అక్కడి బ్విండి అడవుల్లో కొండ గొరిల్లాలుంటాయి. 1996లో వాటికి జుట్టు ఊడిపోయి, ఒళ్లంతా పొక్కులు రావడం మొదలైంది. అప్పటికి పాతికేళ్లు దాటిన పశువైద్యురాలు గ్లాడిస్ కాలెమా-జికుసోకా వెళ్లి చూస్తే అది గజ్జి. మనుషుల జబ్బు! ఒక గొరిల్లా పిల్ల చనిపోయింది. మిగిలినవి మందుతో కోలుకున్నాయి. ఎలా వచ్చిందని ఆరా తీస్తే అనుమానం ఎక్కడికి వెళ్లిందో తెలుసా? అడవి అంచున పొలాల్లో నిలబెట్టిన దిష్టిబొమ్మల మీదకి. ఊరివాళ్లు విడిచిన పాత చొక్కాలే వాటికి తొడిగేది. అరటితోటకు వచ్చిన గొరిల్లాలు కుతూహలం కొద్దీ ఆ గుడ్డల్ని ముట్టుకునేవి.

ఆ ఊళ్లలో ఒంటికి సబ్బు లేదు, దగ్గరలో ఆసుపత్రి లేదు. గొరిల్లాకు ఎన్నిసార్లు మందు వేసినా ఊళ్లో గజ్జి పోకపోతే లాభమేముంది? అందుకే ఆమె 2003లో ఒక సంస్థను పెట్టి మనుషుల ఆరోగ్యం, గొరిల్లాల ఆరోగ్యం కలిపి చూడటం మొదలుపెట్టారు. ఊరి కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి క్షయ ఉందా అని అడుగుతారు, చేతులు కడుక్కోమంటారు, గొరిల్లా పొలంలోకి వస్తే కబురు చెబుతారు. చూడ్డానికొచ్చే పర్యాటకులు మీటర్ల లెక్కన దూరం పాటించాలి. జలుబుంటే వెనక్కి పంపేస్తారు. 2019లో వెలువడిన లెక్క ప్రకారం ప్రపంచం మొత్తమ్మీద కొండ గొరిల్లాలు 1,063. ఒక్క దగ్గు చాలు, వాటిలో ఒక గుంపు తుడిచిపెట్టుకుపోవడానికి.

అది ఆఫ్రికా ముచ్చట అనుకోనక్కర్లేదు. 2021లో కొవిడ్ రెండో అలలో హైదరాబాద్ నెహ్రూ జూలో ఎనిమిది సింహాలు దగ్గడం మొదలుపెట్టాయి. సీసీఎంబీ పరీక్షిస్తే కొవిడే. తాళం వేసిన బోనులోకి వైరస్‌ను తీసుకెళ్లగలిగేది మనిషి కాక ఇంకెవరు? అదృష్టవశాత్తూ అవన్నీ కోలుకున్నాయి.

దివిసీమ కుక్కలు

పామర్రు నుంచి దక్షిణానికి వెళ్లే దారి నాగాయలంక దాటాక ఉప్పునేలల్లో కలిసిపోతుంది. అక్కడే కృష్ణా అభయారణ్యం. 1989లో ప్రకటించిన ఈ 194 చదరపు కిలోమీటర్ల మడ అడవిలో బావురుపిల్లి ఉంటుంది. నీళ్లలో దిగి చేపలు పట్టే పిల్లి. ఎదురుమొండి, సొర్లగొంది జాలర్లకు అది కొత్తది కాదు.

ఈ అడవికి కంచె లేదు. ఊరకుక్కలు ఎండుచేపల కళ్లాల చుట్టూ తిరిగి మడల్లోకి వెళ్లొస్తుంటాయి. గుజరాత్ గిర్ అడవుల్లో 2018 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో 23 సింహాలు చనిపోయినప్పుడు కొన్నింటిలో బయటపడింది కెనైన్ డిస్టెంపర్, అంటే కుక్కల జబ్బు. అప్పటికప్పుడు విదేశాల నుంచి టీకాలు తెప్పించాల్సి వచ్చింది. పిల్లిజాతి జంతువులన్నిటికీ ఆ జబ్బు ముప్పే. మనం ఊరకుక్కకు టీకా అంటే పిచ్చికుక్క కాటు ఒక్కటే గుర్తుపెట్టుకుంటాం. అది తప్పకుండా కావాలి. దానితోపాటు డిస్టెంపర్ టీకా కూడా వేయిస్తే అటు కుక్కకీ ఇటు బావురుపిల్లికీ రక్ష. అడవి అంచు ఊళ్లలో ఆ పని చేయడానికి హెలికాప్టర్లేం అక్కర్లేదు. గన్నవరంలో పశువైద్య కళాశాలే ఉంది.

తూగుతున్న కోడి

మళ్లీ పామర్రు పెరట్లోకి వద్దాం. పల్లెటూరి ఇళ్లలో నాటుకోడి ఆడవాళ్ల బ్యాంకు. అల్లుడొస్తే కూర, అవసరమొస్తే నోటు. వేసవికి ముందు కోళ్లకు తెగులొస్తుందని పెద్దవాళ్లకు తెలుసు. రాణిఖేత్ అని డాక్టర్లు పిలిచేదాన్ని మనవాళ్లు కొక్కెర తెగులు అంటారు. మెడ వంకర పోయి, తెల్లగా పారుకుని, ఒక్కొక్కటీ ఒరిగిపోతాయి. దానికి టీకా ఉంది. బర్డ్ ఫ్లూ లక్షణాలు పైకి చూస్తే ఇంచుమించు అలాగే ఉంటాయి. కంటితో చూసి ఏది ఏదో చెప్పడం డాక్టరు తరం కూడా కాదు.

ఇక్కడే చిక్కంతా. కోడి మూలన చేరి తూగుతోందంటే మనింట్లో మొదట గుర్తొచ్చేది డాక్టరు కాదు, కత్తి. చచ్చిపోతే డబ్బులు దండగ కదా! ఆ కోత కోసేదీ, ఈకలు పీకేదీ, పేగులు తీసేదీ ఇల్లాలు. పక్కనే పసిపిల్ల. ఉడికిన కూరతో వచ్చే ముప్పు లేదు. ముప్పంతా ఆ కోసే పది నిమిషాల్లోనే. పేదరికం చేసే లెక్కను తప్పుపట్టి లాభం లేదు. అయిదొందల కోడిని పూడ్చిపెట్టమంటే, ఆ అయిదొందలు ఎవరిస్తారో కూడా చెప్పాలి. పెద్ద ఫారాల్లో చంపిన కోళ్లకు పరిహారం లెక్క ఉంది. కబురు చేసిన ఇల్లాలికి ఆ డబ్బు ఎంత తొందరగా చేతికొస్తుందన్నదాని మీదే మరుసటి కబురు ఆధారపడుతుంది.

సంక్రాంతి ముందు పరిస్థితి ఇంకా గమ్మత్తు. పందెంకోడి కారెక్కి జిల్లాలు దాటుతుంది. బాదంపప్పు తిని, ఒళ్లు పట్టించుకుని, పది ఊళ్ల కోళ్లతో ఒకే బరిలో రక్తం చిందిస్తుంది. అదే నెలలో చేలల్లో బాతులు, కొల్లేటిలో వలస పక్షులు, ఆటపాకలో గూడబాతు పిల్లలు. ఫిబ్రవరిలో జబ్బు బయటపడితే అందరం ఆకాశం వైపు చూస్తాం!

ఎలా వెళ్లాలి?

ఆటపాక చూడాలనుకుంటే నవంబర్ నుంచి మార్చి వరకు అనువైన కాలం. పామర్రు నుంచి గుడివాడ మీదుగా కైకలూరుకు బస్సులున్నాయి. గుడివాడ - భీమవరం రైలుమార్గంలో కైకలూరు స్టేషనుంది. అక్కణ్నుంచి ఆటోలో పక్షుల కేంద్రానికి వెళ్లొచ్చు. బోటు షికారు ఉంటుంది. పిల్లలు గూళ్ల దగ్గరికి ఇంకా దగ్గరికి అని మారాం చేస్తారు. బోటు నడిపేవాళ్లు ఒక హద్దు దగ్గర ఆపేస్తారు, బతిమాలొద్దు. రాలిన ఈకలు ఏరి జేబులో వేసుకోనివ్వకండి. చచ్చిన పక్షి కనిపిస్తే ముట్టుకోకుండా అక్కడి అటవీ సిబ్బందికి చెప్పాలి. ఇంట్లో కోళ్లున్నవాళ్లు తిరిగెళ్లాక చెప్పులు కడిగి, ఆ తర్వాతే దొడ్లోకి వెళ్లడం మంచిది. పెరట్లో కోళ్లు ఒకేసారి రెండు మూడు చచ్చిపోతే ఊరి సచివాలయంలో పశుసంవర్ధక సహాయకుడికి కబురు చేయాలి. తిరుగు ప్రయాణంలో గుడివాడ నుంచి పామర్రు వచ్చేసరికి పొద్దుగూకుతుంది. రోడ్డు మీద బాతుల మంద అడ్డమొస్తే బస్సు ఆగుతుంది. డ్రైవరు హారన్ కొట్టినా అవి తొందరపడవు.